తుమ్మమెట్టలో ఏడుపు నిషేధం

కరీంనగర్,
జూన్ మొదటి వారం

తుమ్మమెట్ట గ్రామపు కోడలు, చింటూ మాతృమూర్తి, చిన్నప్పుడు నన్ను చీపురుకట్టతో సానబెట్టి మనిషిని చేసిన జమునక్క దివ్యసముఖానికి, తమ్ముడు పరశురాములు, బీకాం, ఫ్లెక్సీ కళాకారుడు, వినయంగా వంగి, నడుము పట్టేసినా లెక్కచేయక రాసుకునే మనవి.

ఇక్కడ నేను క్షేమం. మెట్‌పల్లిలో అవ్వ, బాపు క్షేమం. మా షాపుకొచ్చే నాయకులందరూ మరీ క్షేమం. నిన్న వాళ్ల పుట్టినరోజులకు నేనే హృదయపూర్వకంగా శుభాకాంక్షలు అచ్చేశాను. వాళ్లెవరో నాకు తెలియదు, నా హృదయం ఎవరిదో వాళ్లకు తెలియదు.

దేశమంతా వీడియో కాల్‌లో ముఖాలు చూసుకుంటుంటే, కాగితం మడిచి, అంటించి, ఎదురుచూసే అక్కాతమ్ముళ్లం మనమే మిగిలాం. దోషం మనది కాదు. మీ ఊరికి ఒక పక్క గుట్ట, మిగతా పక్కలన్నీ వాగు. గుట్ట మీద పులిరాయి ఎక్కి ఒంటికాలి మీద నిలబడితే ఫోనులో ఒక గీత వస్తుంది. అది కూడా ఒక్కోసారి మహారాష్ట్ర గీత. చింటూను చంకనేసుకొని నువ్వు ఆ రాయి ఎక్కవద్దు. ఈ ఉత్తరాన్ని కాగజ్‌నగర్ బస్సు కండక్టరు చేతిలో పెడతాను. ఆయన బస్టాండులో అంబదాస్ అన్నకిస్తాడు. అంబదాస్ అన్న తన ఆటోలో వాగు దాటించి నీకిస్తాడు. రాజుల లేఖలు కూడా ఇన్ని చేతులు మారి ఉండవు.

ఇక రాజ్య వ్యవహారాలు. మొన్న వచ్చినప్పుడు మీ ఇంట్లో అమలవుతున్న శాసనం చూసి నివ్వెరపోయాను. దానికి ఏడుపు నిషేధ చట్టం అని పేరు పెట్టాను. రెండేళ్లు నిండని మా మేనల్లుడు ఏడిస్తే వాడి గజ్జల్లో నిమ్మకాయంత ఉబ్బు లేస్తుంది. పడుకుంటే ఏమీ ఎరగనట్టు లోపలికి జారుకుంటుంది. కాబట్టి చింటూ ఏడవరాదు. ఏడిపించినవాడు, మనిషైనా కోడైనా, లస్మవ్వత్త చేతిలో శిక్షార్హుడు.

అక్కా, కాగజ్‌నగర్ డాక్టరమ్మ చెప్పినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. "ఇది హెర్నియా. పుట్టినప్పుడు మూసుకోవలసిన సందు మూసుకోలేదు, అందులోంచి పేగు జారుతోంది. చిన్న ఆపరేషనే. కానీ ఇంత చిన్నపిల్లలకు మత్తిచ్చి కోసేవాళ్లు ఇక్కడ లేరు. కరీంనగర్ పొండి, ఆలస్యం చేయకండి" అంది. ఇందులో "చిన్న" అనే మాట ఒక్కటే మీ అత్త చెవికెక్కింది. "చిన్నదే గదా, రాజం వచ్చినంక చేపిద్దాం. తండ్రి లేకుంట పోరన్ని కోతకు పండబెడ్తరా ఎవలన్న?" అంది. రాజం బావకు మస్కట్‌లో సెలవు దొరికేది దసరాకు. అప్పటిదాకా వాడు ఏడవకుండా ఉండాలి, అంతే. నన్ను నవ్వుల శాఖ మంత్రిగా నియమించారు. పదవి స్వీకరించాను.

మొదటి కథ ఇదుగో. చదివి నటించు. ఒక మేక కాగజ్‌నగర్ బస్సెక్కింది. కండక్టరు టికెట్ ఇచ్చాడు. నమిలింది. ఇంకోటి ఇచ్చాడు. అదీ నమిలింది. విసుగొచ్చి కండక్టరే ఒక టికెట్ నమిలి, సంచి మేక మెడలో వేసి, "ఇగ నువ్వే కొట్టు" అని కిటికీ పక్కన కూర్చున్నాడు. అప్పుడు మేక... ఇక్కడ గొంతు మార్చాలి... "రై...ట్, రై...ట్" అని అరిచింది.

ఒక్క ముక్క మాత్రం నవ్వకుండా అడుగుతున్నాను. వానలు పడకముందే వచ్చేయరాదూ?

ఇట్లు,
మంత్రివర్యులు


తుమ్మమెట్ట,
జూన్ నెలాఖరు

తమ్మీ పర్శీ,

నీ ఉత్తరం మొదలు చదువుతుంటే అత్త "ఎవలి పెండ్లే?" అని అడిగింది. ఇంకొంచెం విని "పెండ్లి గాదు, కోర్టు కాగితం" అంది. మా తమ్ముడే అంటే, "అయ్యో, బీకాం సదివితె గిట్లయితదా!" అని జాలిపడింది.

నీ మేక మా ఇంటిని ముంచింది. మొదట నేనే అరిచాను. చింటూ నా ముఖం చూసి భయపడ్డాడు. అప్పుడు అత్త చేట కింద పెట్టి, "నీకు రాదు గని జరుగు" అని, కొంగు నోట్లోంచి తీసి, రై...ట్ రై...ట్ అంది. నిజంగా మేకే. దొడ్లో మన మేక జవాబిచ్చింది. వాడు నేల మీద పడి దొర్లాడు. ఇప్పుడు మేక లేకుండా ముద్ద మింగడు. పక్కింటి సీమోను అన్న నీకు తెలుసు కదా, చర్చిలో పాటలు పాడించేది ఆయనే. అంత పెద్దమనిషి గోడ మీదికి తల పెట్టి, "లస్మక్కా, స్వరం జర పైకి" అని సరిచేసి పోతున్నాడు.

మా ఊళ్లో వీడిప్పుడు రాజు. అడిగింది ఇవ్వకపోతే కింది పెదవి బయటపెడతాడు. ఆ పెదవి చూస్తే చాలు, కిష్టవ్వ బెల్లం తెస్తుంది, భూమన్న ట్రాక్టర్ ఎక్కిస్తాడు. మొన్న టీకాల సిస్టర్ వస్తే అత్త వాడిని తలుపు వెనక దాచి, "అమ్మమ్మ ఇంటికి పోయిండు" అంది. సూది గుచ్చితే ఏడుస్తాడు కదా. వాడు తలుపు వెనక నుంచి "రైట్ రైట్" అన్నాడు. సిస్టర్ నవ్వి, మందలించి, మళ్లీ వస్తానని పోయింది.

వానలు పడకముందే రమ్మన్నావు. పడ్డాయి. ఇప్పుడు పత్తి గింజలు పెట్టాలి, పదును పోతే మళ్లీ రాదు. అదయ్యాక చూద్దాం. చింటూ బాగున్నాడు. ఉబ్బు గురించి రాయడానికి ఏమీ లేదు.

ఇంకో కథ పంపు. మరీ నవ్వొచ్చేది వద్దు. కొంచెం నవ్వొచ్చేది చాలు.

అవ్వకు చెప్పకు, ఊరికే పరేషాన్ అవుతుంది. చెప్పడానికి ఏముందని కాదు, ఊరికే.

మీ అక్క,
జమున


కరీంనగర్,
జూలై మొదటి వారం

కథాసాహిత్యాన్ని తూకం వేసి "కొంచెం నవ్వొచ్చేది" కట్టివ్వమని అడిగిన అక్కగారికి,

నా ఆత్మాభిమానం గాయపడింది. వైద్యం చేయించుకుంటున్నాను. అయినా ఆజ్ఞ ఆజ్ఞే. కొంచెం నవ్వొచ్చే కథ: ఒక నత్త బస్టాండుకు బయలుదేరింది. ఇంకా చేరలేదు. అయిపోయింది.

ఇది చదివి వాడు నవ్వకపోతే తప్పు నాది కాదు, నత్తది.

ఇంతవరకు రాసి కాగితం పక్కన పెట్టాను, అక్కా. మళ్లీ తీస్తున్నాను. ఇది నీకు రాయకూడదనుకున్నాను. కానీ రాయకపోతే చేతులు పని మీదికి పోవడం లేదు.

నిన్న షాపుకు ఇద్దరొచ్చారు, బావాబామ్మర్దులు. ఫోనులో ఒక పాప ఫోటో చూపించారు. కళ్లకు కాటుక, తలకు రెండు రిబ్బన్లు. నేను అలవాటుగా, "పుట్టినరోజా అన్నా? కేకు బొమ్మ పెట్టాల్నా, బెలూన్లు పెట్టాల్నా?" అని అడిగాను. ఆ తండ్రి నన్ను చూసి, కోపం కూడా లేకుండా, "శ్రద్ధాంజలి" అన్నాడు.

ఏమైందని అడిగే ధైర్యం నాకు లేదు. అతనే చెప్పాడు. "కడుపునొప్పి అన్నది. ట్రాక్టర్ల తెచ్చినం. ఆటోల తెచ్చినం. బస్సుల తెచ్చినం. ఆపరేషన్ చేస్తె బతుకుతది అన్నరు. తెచ్చుకుంట తెచ్చుకుంటనే అయిపాయె" అన్నాడు. ఏ ఊరని అడిగితే, మీ వైపు ఊరే, గుట్టల అవతల.

మా కంప్యూటర్లో దండ బొమ్మ ఒక్కటే ఉంది, పెద్దవాళ్ల ఫోటోలకు పెట్టేది. అది పాప ముఖాన్ని కప్పేస్తోంది. చిన్నది చేశాను. ఇంకా చిన్నది చేశాను. అంత చిన్న దండ నేనెప్పుడూ చేయలేదు.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్లీ చదివాను. మేక గురించి రాశావు, బెల్లం గురించి రాశావు, సిస్టర్ గురించి రాశావు. ఉబ్బు గురించి రాయడానికి ఏమీ లేదని రాశావు. ఏమీ లేకపోతే "తగ్గింది" అని రాస్తారు, లేకపోతే "అట్లనే ఉంది" అని రాస్తారు. అవ్వకు చెప్పవద్దనీ రాశావు. నేను బీకాం చదివినా నీ తమ్ముణ్నే కదా, నువ్వు కుండ పగలగొట్టిన రోజు కూడా అవ్వతో ఇట్లాగే మాట్లాడావు.

కొంచెం నవ్వొచ్చే కథే ఎందుకు అడిగావు? ఎక్కువ నవ్వితే ఏమవుతుంది?

పర్శి


తుమ్మమెట్ట,
జూలై రెండో వారం

తమ్మీ,

ఆ పాప సంగతి రాసి మంచి పని చేశావు. అత్తకు చదివి వినిపించలేదు. అందుకే ఆమె ఇంకా మేక పాత్రలోనే ఉంది.

అడిగావు కనుక రాస్తున్నాను. ఉబ్బు ఇప్పుడు నిమ్మకాయంత లేదు, పెద్దదయింది. ఏడ్చినప్పుడే కాదు, నవ్వినా వస్తోంది. అత్త రైట్ రైట్ అన్నప్పుడల్లా వాడు విరగబడి నవ్వుతాడు, నేను లాగు కిందికి జరిపి చూస్తాను, అక్కడ ఉంటుంది. పడుకోబెట్టి మెల్లగా నిమిరితే పోతుంది. మొదట్లో తొందరగా పోయేది. ఇప్పుడు ఆలస్యంగా పోతోంది. నవ్వొద్దని వాడికెట్లా చెప్పాలి? ఏడవొద్దని మనందరం ఒట్టేసుకున్నాం. నవ్వు కూడా వద్దంటే పిల్లవాడు ఇంకేం చేయాలి?

మేము బయలుదేరలేదని మాత్రం అనకు. పత్తి పెట్టడం అయిపోగానే నేను పట్టుబట్టాను. అంబదాస్ ఆటోలో నేను, చింటూ, అత్త ఎక్కాం. వాగు దాటాం, నీళ్లు మోకాళ్ల దాకే ఉన్నాయి. అక్కడి నుంచి ఆ గుంతల దారి తెలుసు కదా, నువ్వే ఒకసారి తలకు బొప్పి కట్టించుకున్నావు. కుదుపులకు వాడు ఏడుపు ఎత్తుకున్నాడు. ఉబ్బు లేచింది. అత్త అంబదాస్ భుజం పట్టి గుంజింది.

"ఆపు, ఆపు! పోరడు ఏడుస్తుండు, పేగు బయటవడ్తది. తిప్పు ఆటో!"

"మావ్షీ, దవాఖానకే గదా పోయేది?" అన్నాడు అంబదాస్. ఆయన మరాఠీలో అత్త మావ్షీ, అంటే పిన్ని; నేను వైనీ, వదినను.

"ఉబ్బు దిగినంక పోదాం."

"దిగినంక దవాఖాన ఎందుకు మావ్షీ?"

"నువ్వు నడుపు, మాటలు నడపకు" అని అత్త అతని వీపు మీద ఒకటిచ్చింది.

తిప్పాడు. ఇల్లు చేరేసరికి వాడు నిద్రపోయాడు, ఉబ్బు దిగిపోయింది. దిగిందని అందరం సంతోషించాం. నేను కూడా, తమ్మీ. నీ దగ్గర దాచను. మర్నాడు పొద్దున లేచి ఆలోచిస్తే అర్థమైంది. ఏడిస్తే దవాఖానకు తీసుకుపోవద్దు. ఏడవకపోతే దవాఖాన అవసరమే లేదు. ఇదీ మా ఇంటి చట్టం. నువ్వే పేరు పెట్టావు కదా, ఇందులోంచి ఎట్లా బయటపడాలో నువ్వే చెప్పు.

చింటూను అత్త దగ్గర వదిలి పులిరాయి ఎక్కి మీ బావతో మాట్లాడాను. "నీకెట్ల మంచిగనిపిస్తె అట్ల చెయ్. అవ్వను అడుగు" అన్నాడు. ఈ రెండూ ఒక్క ఊపిరిలోనే అన్నాడు. అంత దూరంలో ఉండి ఆయన మాత్రం ఏం చేస్తాడు?

పైన గుట్టల్లో మబ్బు పట్టి కదలడం లేదు. ఈ ఉత్తరం అంబదాస్‌కు ఇచ్చేటప్పుడు నీళ్లు నడుము దాకా ఉన్నాయని చెప్పాడు.

నత్త కథకు వాడు నవ్వలేదు. నేను నవ్వాను, తర్వాత ఏడ్చాను. నాకు ఉబ్బు రాదు కదా.

జమున


కరీంనగర్,
జూలై మూడో వారం

అక్కా,

దివ్యసముఖాలు లేవు, మనవులు లేవు. బుద్ధిగ సదువు. పుస్తకాల తెలుగు నాకిప్పుడు చేతికొస్తలేదు.

నీ ఉత్తరం సదివి షాపు బందువెట్టిన. ఈడ పిల్లల ఆపరేషన్లు చేసే డాక్టర్ దగ్గరికి పోయిన. చింటూను చూపియ్యకున్నా, నేను చెప్పంగనే ఆయనకు సమజయింది. గిట్లాంటి సంగతులు ఆయనకు చానా మంది చెప్తరట.

ఏడ్చినా, నవ్వినా, దగ్గినా, ముక్కినా కడుపుల జోరు ఒక్కటే అన్నడు. సందు తెరిచున్నది, పేగు వస్తది. ఏడ్వకుంట చూసుకునుడు మందు గాదు. దానంతట అది మూసుకపోదు. ఆపరేషనే. మంచిగున్నప్పుడు చేస్తె తెల్లారి ఇంటికి పోవచ్చు.

ఇప్పుడు రాసేది గుర్తువెట్టుకో. ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోతె, ముట్టుకుంటె కెవ్వుమంటె, కక్కుకుంటె, పేగు ఇరుక్కున్నట్టు. దానికి నెత్తురు పారది. గంటలల్ల సచ్చిపోతది. పేగు సచ్చిపోతె... నేను రాయలేను. రేపు చూద్దామనుడు లేదు, బావను అడుగుదామనుడు లేదు, అత్త ఒప్పుకునుడు లేదు. ఎత్తుకొని ఉరుకు. తొవ్వల ఏడిస్తె ఏడ్వనియ్. ఏడ్చుకుంట వచ్చినోడు బతుకుతడు.

నేను ఆ డాక్టర్ను ఒకటి అడిగిన. "సార్, నవ్వుల కథలు పంపింది నేను. నేనే పేగును బయటికి నూకిన్నా?" అన్న. ఆయన నన్ను కూసోబెట్టి మంచినీళ్లిచ్చి, "నువ్వు నవ్వియ్యకున్నా వస్తుండె. నవ్వించుకుంట కూసునేసరికి వానలొచ్చినయ్, గంతే" అన్నడు. గంతే అన్నది ఎంతనో ఆయనకు తెల్వది, అక్కా. నాకు తెలుసు.

ఉబ్బు లేకున్నా రా. ఇయ్యాల్నే రా. అంబదాస్ అన్నకు ఫోన్ చేసిన, ఆటో సిద్ధంగ ఉన్నదన్నడు. నువ్వు రాకపోతె ఆదివారం నేనే వస్త, అత్తకు దండం పెట్టి ఎత్తుకొస్త.

మేక కథ బందు.

పర్శి


తుమ్మమెట్ట వాగు ఒడ్డు,
శుక్రవారం పొద్దున

అంబదాస్ అన్నా, ఈ కాగితం ప్లాస్టిక్ సంచిలో చుట్టి సీమోను అన్న తలకు కట్టుకొని ఈదుకుంటూ నీ దగ్గరికి వస్తున్నాడు. వానకు పులిరాయి మీద గీత రావడం లేదు. నా తమ్ముడికి ఫోన్ చేసి చదివి వినిపించు. అంబులెన్సును మెయిన్ రోడ్డు మీదికి పిలువు. ఆటో ఒడ్డుకు తే.

పర్శీ, నిన్న సాయంత్రం లేచిన ఉబ్బు లోపలికి పోలేదు. రాయిలా ఉంది, నల్లబడింది. ఆకుపచ్చగా కక్కుతున్నాడు. వాగు మునుపెన్నడూ చూడనంత ఉంది. ఎట్లాగైనా దాటిస్తామంటున్నారు. డాక్టర్ను వెతికి పెట్టు.

పొద్దుటి నుంచి వాడు ఏడవడం లేదు. ముట్టుకున్నా ఏడవడం లేదు. మేమంతా ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే కదా. నాకు భయంగా ఉంది, పర్శీ.


కరీంనగర్, ఆసుపత్రి మెట్లు,
శనివారం మధ్యాహ్నం

అక్కా,

పిల్లల వార్డులోకి మగవాళ్లను సాయంత్రం దాకా రానివ్వరట. వాచ్‌మెన్‌తో వాదించాను, బతిమాలాను, నేను కేవలం మేనమామనని, మగవాణ్ని కాదని కూడా చెప్పాను. లాభం లేదు. నీ ఫోను వాగు పాలయింది. ఆయా రెబెకమ్మ దయగల మనిషి, ఈ చీటీ ఆమె చేతిలో పెడుతున్నాను. ఉత్తరాలు రాసుకోవడానికి మనకిప్పుడు ఒక గోడ చాలు.

ఆపరేషన్ బాగా జరిగిందని, పేగు కొంత కోసి కలిపారని డాక్టర్ చెప్పినప్పుడు నువ్వు నిలబడి తల ఊపావు. నేను కింద కూర్చుండిపోయాను. "రేపటిదాకా ఏమీ చెప్పలేం" అని ఆయన అన్నది నువ్వు విన్నావో లేదో. ఆ రేపు ఇవాళే.

కళ్లు తెరిచాడా? నిన్న ఏమైందో కూడా నువ్వు చెప్పలేదు. ఏదైనా రాయి. రాస్తున్నంతసేపు నువ్వక్కడ ఉన్నావని, వాడు ఉన్నాడని నాకు తెలుస్తుంది.

పర్శి


వార్డు,
శనివారం

తమ్మీ,

కళ్లు తెరిచాడు. పైకప్పు వంక చూస్తున్నాడు. ముక్కులో గొట్టం, చేతికి సూది. పిలిస్తే కళ్లు తిప్పుతాడు, అంతే. డాక్టర్ రెండుసార్లు వచ్చి "ఏడ్చిండా?" అని అడిగాడు. లేదన్నాను. "ఏడ్వాలె, చూద్దాం" అని పోయాడు. నాకు నవ్వాలో ఏం చేయాలో తెలియలేదు.

రాయమన్నావు, రాస్తాను. సీమోను అన్న అవతలి ఒడ్డు చేరి చెట్టుకు తాడు కట్టాడు. మళ్లీ ఇవతలికి వచ్చాడు. వాళ్ల చర్చిలో క్రిస్మస్ అన్నం వండే పెద్ద గంగాళం తెచ్చారు. భూమన్న తన ట్రాక్టర్ ట్యూబులు విప్పి దానికి కట్టాడు. అత్త ఇంట్లోకి ఉరికి, పెట్టెలోంచి తన పట్టుచీర తెచ్చి గంగాళంలో పరిచింది. తెల్లవారినప్పటి నుంచి ఆమె నన్ను చూడడం లేదు.

వాడిని పడుకోబెట్టి నేను ఒక ట్యూబు పట్టుకున్నాను. సీమోను అన్న, ఇంకో ఇద్దరు తాడు వెంట నెట్టుకుంటూ ఈదారు. నడిమధ్యకు పోయాక నీళ్లు గంగాళాన్ని గిర్రున తిప్పాయి. వాడి ముఖం ఒకసారి నా వైపు, ఒకసారి ఆకాశం వైపు. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఏడుపు లేదు. ఉన్నాడో లేదో తెలియలేదు. అప్పుడు వెనక ఒడ్డు మీద నుంచి అత్త గొంతు వినిపించింది. రై...ట్, రై...ట్. అంత వాగు హోరులో, గొంతు చినిగిపోయేలా, మేక. పలుకుతాడేమోనని. ఆమె అట్లా అరుస్తూ నీళ్లలోకి దిగుతుంటే భూమన్న నడుము పట్టి వెనక్కి లాగాడు. వాడు నవ్వలేదు. నేను అవతలి ఒడ్డు ఎక్కేదాకా ఆమె ఆపలేదు.

అంబదాస్ ఆటోలో కూర్చోగానే సీటు కింద నుంచి ఒక ఉత్తరం తీసిచ్చాడు. "వాగు దాటలేకపోయిన వైనీ, నాలుగొద్దుల సంది నాకాడనే ఉన్నది" అన్నాడు. నీదే. ఆ గుంతల్లో ఎగురుతూ చదివాను. గట్టిపడితే అని రాశావు, కక్కితే అని రాశావు. నువ్వు రాసినవన్నీ నా ఒళ్లో పడుకొని ఉన్నాయి.

మొదటి ఆసుపత్రిలో చేయి వేసి చూసి, ఇక్కడ కాదన్నారు. రెండో దాంట్లో గ్లూకోజు పెట్టి, ఇంత చిన్నవాళ్లకు మత్తిచ్చే డాక్టరు లేరు, కరీంనగర్ పొండి అన్నారు. ఎవరూ కసరలేదు. అందరూ మంచిగానే చెప్పారు. మంచిగా చెప్పించుకుంటూనే ఇంత దూరం వచ్చాం. అంబులెన్సులో నీ నత్త గుర్తొచ్చింది. బస్టాండుకు బయలుదేరింది, ఇంకా చేరలేదు. ఆ కథ మళ్లీ ఎవరికీ చెప్పకు.

వాడు కళ్లు మూశాడు. నిద్రే అంటోంది రెబెకమ్మ. ఛాతీ మీద చేయి పెట్టుకొని రాస్తున్నాను.

జమున


ఆసుపత్రి మెట్లు,
శనివారం, చీకటి పడకముందు

అక్కా,

లోపల ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు. మెట్ల మీద అందరం లేచి నిలబడ్డాం. ఇక్కడ కూర్చున్న ప్రతి మనిషికీ లోపల ఒకరున్నారు, ప్రతి ఒక్కరూ అది తమవాడిదే కావాలని చూస్తున్నారు. సిగ్గు విడిచి నేనూ అదే చూస్తున్నాను.

మనవాడేనా?


వార్డు

వాడే.

పైకప్పు అదిరిపోతోంది. డాక్టర్ వచ్చి చూసి, నవ్వి, నా భుజం తట్టి పోయాడు. పక్క మంచం వాళ్లు ఊరుకోబెట్టమంటున్నారు. నేను ఊరుకోబెట్టను.

నువ్వొక పని చెయ్యి. భూమన్న ఫోనుకు కొట్టు. మేము వాగు దాటినప్పటి నుంచి అత్త ఆ ఫోను పట్టుకొని, గొంగడి కప్పుకొని, వానలో పులిరాయి మీదే కూర్చుందట, ఎవరు పిలిచినా దిగడం లేదట. పొద్దున అంబదాస్ కబురు పంపాడు. గీత వచ్చేదాకా కొడుతూనే ఉండు. ఎత్తిందా, ఏమీ మాట్లాడకు. ఫోను బయటి నుంచి మా వార్డు కిటికీకి ఆనించి పెట్టు.

విననీ.